మొక్కు పొట్టేలు

డిసెంబర్ 3, బుధవారం

తమ్ముడు తిరుపతి మందలో ఇంకో గొర్రె పోయింది. చూడిది. పొద్దున దొడ్డి తెరిచేసరికి పక్కకు ఒరిగి ఉందట. మొన్నటిదీ ఇంతే. మేస్తూ మేస్తూ మోకాళ్ల మీద కూర్చుంది, మళ్లీ లేవలేదు.

అంగన్‌వాడీకి వెళ్తూ ఆగి చూశాను. దవడ కింద చిన్న నీటి సంచి వేలాడుతోంది. ఇది వానకాలం జబ్బు. నాన్న మంద తోలిన రోజుల నుంచి చూస్తున్నాను. తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి నట్టల మందు పోస్తే కడుపులో పురుగులు పడిపోతాయి. చలికాలంలో ఆ మాటే ఉండదు. ఈ ఏడు కూడా తమ్ముడు రెండుసార్లూ పోశాడు. సీసా నేనే పట్టుకున్నాను.

కార్తీకంలో తుపాను పడింది. అది పోయాక కూడా ముసురు వదల్లేదు. జామాయిల్ తోటల్లో గడ్డి ఇంకా పచ్చగానే ఉంది. ఇంత మేత పెట్టుకుని జీవాలు చావడమేమిటని భాను అంటుంది. ఎవరి కన్నో పడిందంటుంది. మరదలికి ప్రతిదీ ఎవరి కన్నో పడడమే.

మొక్కు పొట్టేలు బాగుంది. పూజ కాగానే గుమ్మం దగ్గరికి వచ్చి, నానబెట్టిన బియ్యం నా చేతిలోంచి తిని పోయింది.

డిసెంబర్ 5

మనసు నిమ్మళంగానే ఉంది. రాత్రి రెండుసార్లు లేచి విష్ణు సహస్రనామం చదువుకున్నాను.

డిసెంబర్ 8, సోమవారం

దారిలో లచ్చయ్య కాక ఎదురయ్యాడు. ముత్యాలమ్మకు పూజ చేసేది ఆయనే. వైశాఖంలో జాతర, నీ మొక్కు యాదికున్నదా పంతులమ్మా అన్నాడు. లేకపోవడమేమిటి.

మొక్కిన ఏడు ఖమ్మం దవాఖానాలో తిరుపతి పొట్ట ఉబ్బి, కళ్లు పసుపు తిరిగి పడుకున్నాడు. తాగుడు వాణ్ని అంతదాకా తెచ్చింది. డాక్టర్లు నా ముఖం చూడకుండా మాట్లాడుతున్నారు. ఆ రోజు బస్సెక్కి ఊరికొచ్చి ముత్యాలమ్మ ముందు నిలబడ్డాను. వాడు లేచి నడిస్తే, మళ్లీ సీసా ముట్టకపోతే, ఒక పొట్టేలు పిల్లను నీ పేరు మీద వదులుతాను, మూడో జాతరకు నీ ముందుకు తెస్తాను అని. వాడు లేచాడు. ముట్టలేదు. సారపాక మిల్లులో కాంట్రాక్టు పనికి ఒళ్లు సహకరించక గొర్రెలు పెట్టుకున్నాడు. మొదటి ఈతలో పుట్టిన పొట్టేలు పిల్లకు పసుపు రాసి, వేపమండ కట్టి వదిలాం.

అమ్మ పేరు మీద వదిలినదాన్ని కట్టం, కొట్టం. బొచ్చు కత్తిరించం. సూదీ మందూ తగలనివ్వం. అది ఎక్కడ మేసినా ఎవరూ అదిలించరు. మా నాన్న మందలోనూ ఒకటి ఉండేది.

వచ్చే వైశాఖానిదే మూడో జాతర.

డిసెంబర్ 12, శుక్రవారం

పశువుల దవాఖానా నుంచి డాక్టరమ్మ వచ్చింది. శ్రావణి అని పేరు. చిన్నది, పాతికేళ్లుంటాయేమో. గొర్రె కంటి రెప్ప తిప్పి చూపించింది. లోపల ఎర్రగా ఉండాల్సింది కాగితంలా తెల్లగా ఉంది. కడుపులో రక్తం పీల్చే నట్టలు అంది.

చలికాలంలో నట్టలేందని తిరుపతి అన్నాడు. ఆమె స్వెటర్ కూడా వేసుకోలేదు. "ఏదీ చలి?" అని అటూ ఇటూ చూసింది. తిరుపతి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

మందకంతా మళ్లీ మందు పోశారు. మొక్కు పొట్టేలు దగ్గరికి వచ్చేసరికి తిరుపతి నా వైపు చూశాడు. అది అమ్మదని నేను డాక్టరమ్మకు చెప్పాను. ఆమె దాని రెప్ప కూడా తిప్పి చూసి, ఇది దిట్టంగానే ఉందిలెండి అని వదిలేసింది.

అదే నేను అనుకునేది. ఇన్ని జీవాలు తూలుతుంటే ఆ ఒక్కదానికి ఏమీ కాలేదంటే అది అమ్మ చల్లని చూపు కాక మరేమిటి. తక్కినవాటిని కూడా ఆమే కాస్తుంది.

డిసెంబర్ 18

మంద తేరుకుంది. దవడ సంచులు తగ్గాయి.

డిసెంబర్ 30, మంగళవారం, ముక్కోటి

భద్రాచలం వెళ్లాను. ఉత్తర ద్వార దర్శనం. తెల్లవారుజామున గోదావరి ఒడ్డున వేలమంది. ఒకప్పుడు ఈ రోజున పళ్లు కొట్టుకునేవి, రామనామం కూడా వణుకుతూ వచ్చేది. సంచిలో పెట్టుకున్న శాలువా సంచిలోనే ఉంది. నా పక్కనున్న ఆమె కొంగుతో విసురుకుంటోంది.

స్వామిని నాకోసం ఏమీ అడగలేదు. తమ్ముడి మంద అడిగాను.

మొక్కు పొట్టేలు బాగుంది.

జనవరి 9

మళ్లీ.

జనవరి 10, శనివారం

రెండు పిల్లలు, ఒక తల్లి. మందు పోసి నెల కూడా కాలేదు. దవడల కింద మళ్లీ సంచులు.

ఏటా కోతలయ్యాక ఆదినారాయణ తన పొలంలో మంద పెట్టించుకుంటాడు. రాత్రిళ్లు జీవాలు అక్కడే పడుకుంటే పెంట ఎరువవుతుంది. తిరుపతికి వరసగా ఎప్పుడొస్తావు ఎప్పుడొస్తావు అని ఫోన్ చేసేవాడు. ఈరోజు గెట్టు మీదే ఆపేశాడు. "ఏమనుకోకు తిరుపతి. నా బర్రెలు కూడా ఈ చేనే మేస్తయి" అన్నాడట. తిరుపతి మందను మళ్లేసుకుని వచ్చాడు. భాను మాత్రం ఇంటికొచ్చాక ఆదినారాయణను, వాళ్ల బర్రెలను, ఆ బర్రెల తాతముత్తాతలను ఒక్కొక్కరినీ తలుచుకుంది.

అన్నం దగ్గర తిరుపతి సగంలో లేచాడు.

జనవరి 13, మంగళవారం

డాక్టరమ్మ పెంటికలు తెమ్మంది. పరీక్ష చేస్తే ఏ జీవంలో ఎన్ని నట్టల గుడ్లున్నాయో తెలుస్తుందట. తిరుపతి మేతకు పోవాలి కనుక పొట్లాలు కట్టి నేనే తీసుకెళ్లాను.

మొక్కు పొట్టేలువి దొరకలేదు. అది ఎక్కడెక్కడో తిరుగుతుంది.

పొద్దున గుమ్మంలో చాలాసేపు నిలబడింది. మెట్ల మీద రాలినవి ఊడ్చేశాను. గుమ్మం శుభ్రంగా ఉండాలి కదా.

జనవరి 19, సోమవారం

డాక్టరమ్మ స్కూటీ మీద మళ్లీ వచ్చింది. మందు పని చేసిందట. కానీ మేసే నేల నిండా నట్టల పిల్లలే ఉన్నాయట, పొద్దున మందు పోస్తే సాయంత్రానికి కొత్తవి ఎక్కుతున్నాయట. అర్థమయ్యేలా చెప్పింది. పెంటికలతో గుడ్లు రాలతాయి. తడీ వేడీ తగిలితే పొదిగి, ఆ పిల్లలు మంచుతో పాటు గడ్డి మీదికి ఎక్కుతాయి. గొర్రె ఆ గడ్డినే మేస్తుంది. మునుపు పుష్యమాసం వచ్చేసరికి గడ్డి ఎండి, రాత్రి చలికి గుడ్లు గుడ్లుగానే పోయేవి. ఇప్పుడు నేల ఆరడం లేదు, రాత్రిళ్లు చల్లబడడం లేదు. ఈ ఒక్క ఊరే కాదు, మధిర వైపు నుంచి కూడా ఇవే కబుర్లట.

తోటల వైపు తోలకుండా కొన్నాళ్లు కొత్త మేత చూడమంది. మళ్లీ మందు పోసింది. వెళ్తూ వెళ్తూ, మీ దేవుడి పొట్టేలువి పంపలేదేం టీచరమ్మా అని అడిగింది.

దొరకలేదన్నాను.

జనవరి 23

కొత్త మేత అంటే వాగవతల బీడు. తిరుపతి చీకటితో వెళ్తున్నాడు. మంద ఎక్కడికి పోతే మొక్కు పొట్టేలు అక్కడికి పోతుంది. దాన్ని ఎవరు ఆపుతారు.

అది బాగుంది. కొమ్ములు నిగనిగలాడుతున్నాయి.

జనవరి 29, గురువారం

రాయాలని లేదు. రాస్తాను.

తిరుపతి నాకు చెప్పకుండా మొక్కు పొట్టేలు పెంటికలు ఏరి దవాఖానాలో ఇచ్చాడు. ఈరోజు డాక్టరమ్మ ఫోన్ చేసింది. మందలో అన్నిటికంటే దాని కడుపులోనే ఎక్కువట. పుట్టిన నాటి నుంచి మందు తగలని కడుపు. ముదురు పొట్టేలు, బలమైన ఒళ్లు కనుక తట్టుకుంటోంది. తను కులాసాగా ఉండి, నడిచిన చోటల్లా విత్తుకుంటూ పోతోంది. కొత్త బీడు కూడా అయిపోయినట్టే.

మరి మా నాన్న మందలో కూడా ఉండేది కదమ్మా, అప్పుడేమీ కాలేదే అని ఫోన్లో అడిగాను. నా గొంతు పెరిగిందేమో. ఆమె కోపం తెచ్చుకోలేదు. మందు పోయనిది ఒకటి ఉన్నా అప్పుడు నష్టం లేదు, అది రాల్చినవాటిని చలి కొంత, ఎండ కొంత చంపేసేవి, ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు లేరు అంది.

అంటే నాన్న తప్పు చేయలేదు. అమ్మ నియమం తప్పు కాదు. కాలం కదిలింది, నియమం అక్కడే ఉంది.

తిరుపతి గుమ్మంలో కూర్చున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. వాడు గోడకే చెప్పినట్టు చెప్పాడు.

"దాన్ని పట్టుకుని మందు పోసుడు నాకెంత సేపు అక్కా. కానీ మొక్కినది నువ్వు. నా పానం కోసం మొక్కినవు. నువ్వు ఊ అంటేనే ముడతా."

"జాతర ఎంతో దూరం లేదురా."

"జాతర దాకా మంద ఉంటదా?"

నేను బియ్యం ఏరుతున్నాను. ఏరిన బియ్యమే మళ్లీ ఏరాను.

వాడు లేచి వెళ్తూ, మధిర నుంచి బేరగాడు శివరాత్రి తర్వాత వస్తానన్నాడని చెప్పాడు. ఉన్నవి ఉన్నట్టు తోలుకుపోతాడట. తర్వాత ఏం చేస్తావని నేను అడగలేదు. ఏం చేస్తాడో వాడికి తెలియదు. ఏం చేస్తాడో నాకు తెలుసు.

ఫిబ్రవరి 2, సోమవారం

లచ్చయ్య కాక దగ్గరికి వెళ్లాను. ఇప్పపూల బుట్ట బాగు చేసుకుంటూ కూర్చున్నాడు. విషయం చెప్పాను.

"కాకా, అమ్మ జీవానికి మందు పోయొచ్చా?"

"పోయొద్దని మా తాత చెప్పిండు." బుట్ట తిప్పి ఇంకో పుల్ల దూర్చాడు. "మా తాత కాలంల మందే లేదు బిడ్డా."

"మరి నన్నేం చేయమంటవు?"

"నన్నెందుకు అడుగుతవు, ఆమెనే అడుగు. పసుపు నీళ్లు చల్లు. ఒళ్లు విదిలిస్తే ఒప్పుకున్నట్టు."

"విదిలించకపోతే?"

"మల్ల చల్లు."

వాళ్లావిడ లోపల నుంచి నవ్వింది. జాతరలో ఆయన ఎన్నిసార్లు చల్లుతాడో ఊరందరికీ తెలుసు. నేను నవ్వలేదు. దేవతను నీళ్లతో ఒప్పించినట్టుంటుంది. నాకు అలా వద్దు.

ఫిబ్రవరి 5, గురువారం

తిరుపతి మొట్టమొదట కొన్న గొర్రె పోయింది. చెవి చీలినది. వాడు పిలిస్తే పేరు పెట్టి పిలిచినట్టు తల తిప్పేది. గొయ్యి వాడే తీశాడు.

తర్వాత ఎటో వెళ్లాడు. పొద్దుగూకి చాలాసేపటికి వచ్చాడు. భాను నా వైపు చూసింది, నేను భాను వైపు చూడలేదు. వాడి చొక్కా ఉతకడానికి తీసుకున్నాను. వాసన ఏమీ లేదు. మట్టి వాసన, గొర్రె వాసన. మాసింది కనుక తీసుకున్నాను, అంతే.

ఫిబ్రవరి 6

వాగు ఒడ్డున కూర్చుని వచ్చాడట. భాను కనుక్కుంది. నాకు ముందే తెలుసు.

తెలియదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

అంగన్‌వాడీలో నులిపురుగుల మాత్రల రోజు. ఊళ్లోవాళ్లు నట్టల గోలీలే అంటారు. ఏటా రెండుసార్లు వేస్తాం. పిల్లలను వరసలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి నోట్లో పెట్టి, నమిలేదాకా ఎదురుగా ఉండాలి.

తండా నుంచి వచ్చే మంగ్లి వంతు వచ్చింది. నాలుగేళ్ల పిల్ల. పుట్టు వెంట్రుకలు దేవుడికి మొక్కారు, ఇంతవరకూ కత్తెర తగల్లేదు. జడ నడుము దాటుతోంది. నా చేయి ఆగింది. ఎందుకో తెలియదు. ఇదే పిల్లకు పోయిన ఏడు కూడా నేనే వేశాను, అప్పుడు ఆగలేదు.

నాయనమ్మ ద్వాలి గుమ్మంలో ఆకు నములుతూ నిలబడింది. మొక్కున్న పిల్ల కదా ద్వాలమ్మా, వేయనా అని అడిగాను.

ద్వాలి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నట్టుంది.

"ఎంటికలు దేవునియి టీచరమ్మా. కడుపు పిల్లది."

మంగ్లి నమిలింది. తియ్యగా ఉందని ఇంకోటి అడిగింది.

మిగతా పిల్లలకు వేశాను. రిజిస్టర్ రాశాను. గుడ్లు ఉడకబెట్టించాను. పని ఆగలేదు. ఆ మాట మాత్రం చెవిలోనే ఉండిపోయింది. బొచ్చు అమ్మది. కొమ్ములు అమ్మవి. రక్తం కూడా ఆమెదే, జాతరనాడు. లోపల కూర్చుని తాగేవి మాత్రం ఎవరు ఇచ్చారని తాగుతున్నాయి.

వచ్చే దారిలో తిరుపతి దొడ్లో మందు సీసా ఉంటే భానును అడిగి తెచ్చుకున్నాను. ఎందుకని అడగలేదు. కొలత చెప్పింది. తల మరీ పైకెత్తొద్దు వదినె, ఊపిరికి అడ్డం పడుతది అని మాత్రం అంది.

ఫిబ్రవరి 11, బుధవారం

పూజ చేసుకున్నాను. దీపం కొండెక్కకుండా చూసుకున్నాను. పొట్టేలు రోజులాగే వచ్చింది.

పసుపు నీళ్లు చల్లాను. అమ్మా, నీ జీవాన్ని నీకే బాగుచేసి ఇస్తాను, ఒప్పుకో అన్నాను. అది కదల్లేదు. నా చేతిలో బియ్యం వైపు చూస్తోంది.

మళ్లీ చల్లాను. చెవి కూడా ఆడించలేదు.

మూడోసారి చల్లాను. వీపు మీద నుంచి నీళ్లు కారి మెట్టు మీద పడ్డాయి. ఒళ్లు తడిస్తే ఏ గొర్రెయినా విదుల్చుకుంటుంది. ఇది విదుల్చుకోలేదు.

లచ్చయ్య కాక అయితే నాలుగోసారి చల్లేవాడు. నేను చెంబు కింద పెట్టాను.

కొమ్ము పట్టుకుని, దవడ పక్క నుంచి మందు పోశాను. అది పెనుగులాడలేదు. అదే బాధనిపించింది. నా చేయి అంటే బియ్యమే అనుకుంది. మింగాక రెండడుగులు వెనక్కి వేసి నన్ను చూసింది. బియ్యం తినకుండా వెళ్లిపోయింది.

అమ్మ ఒప్పుకోలేదు. నేను పోశాను. ఇది నాకు తెలిసే చేశాను. పాపమైతే నాకు. వాడికి కాదు. వాడికి చెప్పనైనా లేదు.

ఫిబ్రవరి 12

తిరుపతికి జ్వరం.

ఫిబ్రవరి 13, శుక్రవారం

జ్వరం తగ్గలేదు. వాగు గాలి, నీళ్ల మార్పు. దోమలు కూడా ఈసారి చలికాలంలో పోలేదు. ఊళ్లో ఇంకా నలుగురికి ఉంది. భద్రాచలంలో రక్తపరీక్ష చేయించాం. కళ్లు చూశాను. పసుపు లేదు. మళ్లీ చూశాను. ఎందుకు మాటిమాటికీ కళ్లలోకి చూస్తావక్కా అన్నాడు.

పొట్టేలు గుమ్మం ముందు నుంచే పోయింది. ఆగలేదు.

పూజలో కూర్చున్నాను. అడగడానికి ముఖం లేదు. ఊరికే కూర్చున్నాను.

ఫిబ్రవరి 14

చెమట పట్టింది. గంజి తాగాడు.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

ఉపవాసం. రక్తంలో ఏమీ లేదన్నారు, వచ్చి పోయే జ్వరమేనట.

తిరుపతి మంచం మీద లేచి కూర్చుంటే చెప్పాను. పొట్టేలుకు మందు పోశాననీ, అమ్మను అడిగితే ఒప్పుకోలేదనీ, అయినా పోశాననీ.

"నాకు జరమొస్తే భయపడ్డవా?"

"లేదు."

"అందుకేనా కండ్లు చూసినవు."

నేను తల వంచుకున్నాను. వాడు నా చేయి మీద చేయి పెట్టాడు. చిన్నప్పుడు జాతర గుంపులో తప్పిపోతానేమోనని పట్టుకునేవాడు, అలాగే. తర్వాత భానును పిలిచి, మధిర బేరగాడికి ఫోన్ చేసి ఇప్పుడే రావద్దని చెప్పమన్నాడు. అమ్మడం లేదని చెప్పనా అని భాను అడిగింది. "ఇప్పుడే రావద్దని చెప్పు" అన్నాడు. అంతవరకే.

ఫిబ్రవరి 27, శుక్రవారం

మందలో చావు లేదు. ఎండలు ముందే ముదిరాయి, బీడు గడ్డి తెల్లబడింది. ఇన్నాళ్లూ లేని ఎండ ఇప్పుడు రెట్టింపు కాస్తోంది. డాక్టరమ్మకు అన్ని పెంటికలూ పంపాం. అన్నీ. మొక్కు పొట్టేలువి నేనే గుమ్మం బయట ఏరాను. ఈసారి దొరికాయి. అన్నిట్లోనూ బాగా తగ్గాయంది. దీంట్లో కూడా. వానలొస్తే మళ్లీ ఏమవుతుందో చెప్పలేనని కూడా అంది. అబద్ధం చెప్పే పిల్ల కాదు.

పొట్టేలు ఇంకా నా గుమ్మం తొక్కడం లేదు. రోజూ బియ్యం నానబెడుతున్నాను. కాకులు తింటున్నాయి.

మార్చి 6, శుక్రవారం

ఆదినారాయణ ఫోన్ చేశాడట. చేను ఖాళీగానే ఉంది, మంద ఎప్పుడు తెస్తావని. బర్రెలను అడిగి చెప్పమను అని భాను వెనక నుంచి అరిచిందట. రేపు తిరుపతి తోలుకెళ్తున్నాడు.

మార్చి 8, ఆదివారం

పూజ ముగించి తలుపు తీస్తే మెట్టు మీద ఉంది.

చేయి చాపాను. వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బియ్యం తిన్నది. అంతా తిని, అరచేయి నాకి, తల నుంచి తోక దాకా ఒక్కసారి ఒళ్లు విదిలించింది.

నేను నీళ్లు చల్లలేదు. రాత్రి మంచు కూడా పడలేదు. వీపు మీద చేయి వేసి చూశాను, పొడిగానే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. లచ్చయ్య కాకకైతే అసలే చెప్పను.

ఉగాది పోయాక మందకు మళ్లీ మందు. దానిక్కూడా.